రంగు కేంద్రాలు, ఆరిపోయే వెలుగు: ఆల్కలీ హాలైడ్ స్ఫటికాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో, పీహెచ్‌డీ మొదటి ఏడాదికో ఆల్కలీ హాలైడ్ల (సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ లాంటి లవణాల) రంగు, వెలుగుల పనిలో దిగినవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలివి. ఎక్కువగా పొటాషియం క్లోరైడ్‌నే ఉదాహరణగా తీసుకున్నాం. చవకగా దొరుకుతుంది, రంగు కంటికి కనిపిస్తుంది, దాని లెక్కలన్నీ బాగా తెలిసినవే.

ఎఫ్ సెంటర్ అంటే అసలేమిటి?

పొటాషియం క్లోరైడ్‌లో ఒక క్లోరైడ్ అయాన్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉందనుకోండి. దాని చుట్టూ ఆరు పొటాషియం అయాన్లు ధనావేశంతో కాపు కాస్తుంటాయి. ఆ ఖాళీలోకి ఒక ఎలక్ట్రాన్ వచ్చి చిక్కుకుంటే అదే ఎఫ్ సెంటర్. జర్మన్‌లో ఫార్బె అంటే రంగు, ఆ మాటలోని మొదటి అక్షరమే ఈ ఎఫ్. గోటింగెన్‌లో రాబర్ట్ పోల్ బృందం 1920ల నుంచి ఈ రంగుల మీద కొలతలు పోగుచేసింది. ఖాళీలో చిక్కిన ఎలక్ట్రాన్ అనే నమూనాను 1937లో డి బోయర్ ఇచ్చారు.

డబ్బాలో బంధించిన ఎలక్ట్రాన్ లెక్క మీరు డిగ్రీలో చేసే ఉంటారు. ఇది దాదాపు ఆ డబ్బాయే. డబ్బా పెద్దదైతే శక్తి తగ్గుతుంది, శోషణ పట్టీ (స్ఫటికం మింగే తరంగదైర్ఘ్యాల మేర) ఎరుపు వైపు జరుగుతుంది. మోల్వో–ఐవీ సూత్రం చెప్పేది అదే: పట్టీ శిఖరం ఆంగ్‌స్ట్రామ్‌లలో కావాలంటే పక్కపక్క అయాన్ల మధ్య దూరాన్ని 1.84 ఘాతానికి ఎత్తి 703తో గుణించాలి. పొటాషియం క్లోరైడ్‌లో ఆ దూరం 3.14 ఆంగ్‌స్ట్రామ్‌లు, కాబట్టి లెక్కకు 577 నానోమీటర్లు వస్తుంది. గది ఉష్ణోగ్రతలో కొలిస్తే 560 దరిదాపుల్లో కనిపిస్తుంది. రెండు అంకెలున్న సూత్రం ఇంత దగ్గరగా చెప్పడం గొప్పే.

ఏ స్ఫటికానికి ఏ రంగు వస్తుంది?

సోడియం క్లోరైడ్ 460 నానోమీటర్ల దగ్గర నీలాన్ని మింగుతుంది, కాబట్టి తేనె రంగుకు వస్తుంది. పొటాషియం క్లోరైడ్ ఆకుపచ్చ–పసుపును మింగి ఊదాగా మారుతుంది. పొటాషియం బ్రోమైడ్ పట్టీ 630 దగ్గర, అది నీలంగా కనిపిస్తుంది. లిథియం ఫ్లోరైడ్ ఎఫ్ పట్టీ 250 నానోమీటర్ల దగ్గర అతినీలలోహితంలో ఉంటుంది, కంటికి తెలియదు. మరి కిరణాలు పడిన లిథియం ఫ్లోరైడ్ పసుపుగా ఎందుకుంటుందని అడుగుతారు. ఆ పసుపు ఎఫ్ సెంటర్‌ది కాదు. రెండు మూడు ఎఫ్ సెంటర్లు జతకట్టిన గుంపులది, వాటి పట్టీ 450 దగ్గర ఉంటుంది.

కాలేజీ ల్యాబ్‌లో రంగు ఎలా ఎక్కించాలి?

మూడు దారులున్నాయి: ఎక్స్ కిరణాలు లేదా గామా, లోహపు ఆవిరి, వేడి స్ఫటికంలో సూది కాథోడ్‌తో విద్యుత్తు. మొదటిది తప్ప మిగిలినవి చిన్న ల్యాబ్‌లో మొదలుపెట్టొద్దు. పొటాషియం లోహాన్ని మూసిన గొట్టంలో 600 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయడం అనుభవం ఉన్న చేతుల్లో ఉండాల్సిన పని.

ఎక్స్‌రేకు పద్ధతి ఇది. స్ఫటికాన్ని కొత్త బ్లేడుతో, చిన్న సుత్తి దెబ్బతో 1 మిల్లీమీటరు మందాన పలకగా చీల్చండి. ఘనాకార ముఖానికి సమాంతరంగా బ్లేడు పెడితే ఒకే దెబ్బకు అద్దంలా విడిపోతుంది. రంపంతో కోయొద్దు, పాలిష్ చేయొద్దు. పక్కనే చీలిన మరో పలకను కిరణాలు తగలకుండా దాచండి, తర్వాత స్పెక్ట్రోఫోటోమీటర్‌లో రిఫరెన్సుగా అదే కావాలి. కిరణాలు పడేటప్పుడు పలకను పలుచటి నల్ల కాగితంలో చుట్టండి. 40 కిలోవోల్టుల ట్యూబు కిటికీకి దగ్గరగా పెడితే గంటలోపే ఊదా రంగు తేలుతుంది. ఎక్స్‌రే యూనిట్‌కు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి, షీల్డు, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఉండి తీరాలి, ఇందులో రాజీ లేదు.

ఇక్కడ ఎక్కువమంది పడే గుంట ఒకటుంది. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణ వివర్తన) యంత్రంలోని రాగి టార్గెట్ కిరణాల శక్తి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. పొటాషియం క్లోరైడ్‌లో మొదటి 40 మైక్రాన్లలోనే వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు ఆగిపోతాయి. మీ రంగంతా పైపొరలోనే ఉంటుంది. పలక పక్క అంచును లెన్సుతో చూడండి, ఊదా గీత ఒకవైపే కనిపిస్తుంది. అలాంటి పలకకు 1 మిల్లీమీటరు మందం పెట్టి సాంద్రత లెక్కగడితే జవాబు ఎన్నో రెట్లు తక్కువ వస్తుంది. లోతంతా సమానంగా రంగు కావాలంటే కోబాల్ట్–60 గామా ఛాంబరే దారి. కొన్ని కిలోగ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) మోతాదు సరిపోతుంది.

ఎక్స్ కిరణం ఖాళీని ఎలా పుట్టిస్తుంది? అయాన్‌ను ఢీకొని తోసేస్తుందా?

లేదు. ఆల్కలీ హాలైడ్లలో ఆ పని చేసేది ఎక్సైటాన్. కిరణం లేపిన ఎలక్ట్రాన్, దాని హోల్ (ఎలక్ట్రాన్ పోయిన ఖాళీ) జంటే ఇది, ఆ రెండూ కలిసి ఒకచోట చతికిలపడతాయి. రెండు క్లోరిన్లు దగ్గరగా జరిగి అణువులా ముడిపడతాయి. ఆ ముడి విడిపోయేటప్పుడు విడుదలైన శక్తి ఒక క్లోరిన్‌ను వరుస వెంట పక్కకు నెట్టేస్తుంది. వెనక ఎఫ్ సెంటర్ మిగులుతుంది, ముందుకు పోయినది హెచ్ సెంటర్. ఈ జంట సంగతి గుర్తుంచుకోండి, రంగు పాలిపోవడమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

నిన్న ఊదాగా ఉన్న పలక ఈరోజు తెల్లబడింది. ఏం జరిగింది?

వెలుతురు తగిలింది. ఎఫ్ పట్టీలోని కాంతి ఎలక్ట్రాన్‌ను పైస్థితికి లేపుతుంది, గది వేడికే అది అక్కడి నుంచి వాహక పట్టీలోకి (ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా తిరిగే స్థాయిలోకి) జారుతుంది. తిరుగుతూ తిరుగుతూ క్లోరిన్ వైపు మిగిలిన హోల్ సెంటర్‌ను కలిస్తే రెండూ మాయం. టేబుల్ లైటు కింద కొద్ది నిమిషాల్లోనే తేడా తెలుస్తుంది.

లోహపు ఆవిరిలో రంగెక్కిన స్ఫటికం అలా తెల్లబడదు. అందులో ఎలక్ట్రాన్లే ఎక్కువ, కలిసిపోవడానికి హోల్ జంట లేదు. వెలుతురు తగిలితే ఎఫ్ పట్టీ తగ్గి ఎం, ఆర్ పట్టీలు పెరుగుతాయి. అవి జతలు, త్రయాలుగా చేరిన ఎఫ్ సెంటర్లవి. పొటాషియం క్లోరైడ్‌లో ఎం పట్టీ 800 నానోమీటర్లు దాటాక వస్తుంది.

కాబట్టి నల్ల కాగితంలోనే దాచండి, మసక ఎర్ర దీపం కింద పని చేయండి. డయోడ్ అర్రే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో నమూనా మీద పడేది తెల్లకాంతి మొత్తం. కొలుస్తూ కొలుస్తూనే రంగు తగ్గిపోతుంది. నమూనాకు ముందే మోనోక్రోమేటర్ (ఒక్కో తరంగదైర్ఘ్యాన్నే పంపేది) ఉన్న పాత పరికరమే ఈ పనికి మేలు.

ఎఫ్ సెంటర్లు ఎన్ని ఉన్నాయో ఎలా లెక్కించాలి?

శోషణ నుంచి సెంటర్ల సంఖ్యను ఇచ్చే స్మాకులా సమీకరణంతో. పొటాషియం క్లోరైడ్‌కు వక్రీభవన గుణకం 1.49, గది ఉష్ణోగ్రతలో పట్టీ సగమెత్తు వెడల్పు 0.36 ఎలక్ట్రాన్ వోల్ట్, ఆసిలేటర్ స్ట్రెంత్ (సెంటర్ కాంతిని ఎంత గట్టిగా మింగుతుందో చెప్పే అంకె) 0.85 అని తీసుకుని గాసియన్ రూపానికి లెక్కిస్తే, శోషణ గుణకం సెంటీమీటరుకు 1 ఉన్న ప్రతిసారీ ఘన సెంటీమీటరుకు సుమారు 3 × 10¹⁵ సెంటర్లు వస్తాయి.

ఉదాహరణ చూద్దాం. 1 మిల్లీమీటరు పలక, రిఫరెన్సు పలక తీసేశాక శిఖరం దగ్గర అబ్సార్బెన్స్ 0.5. శోషణ గుణకం 2.303 × 0.5 ÷ 0.1, అంటే 11.5. సెంటర్లు ఘన సెంటీమీటరుకు 3.5 × 10¹⁶. అదే ఘన సెంటీమీటరులో క్లోరైడ్ అయాన్లు 1.6 × 10²². దాదాపు నాలుగున్నర లక్షల క్లోరైడ్లలో ఒక్కటి పోయింది, అంతే. ఆ ఒక్కటి పలకంతటికీ రంగు పులిమేసింది.

అబ్సార్బెన్స్ 2 దాటితే ఆ అంకెను నమ్మొద్దు, పరికరంలో దారితప్పిన కాంతి శిఖరాన్ని చదును చేస్తుంది. పలకను ఇంకా పలుచగా చీల్చండి. వెడల్పును నానోమీటర్లలో పెట్టడం మరో మామూలు పొరపాటు. స్పెక్ట్రమ్‌ను ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి మార్చాకే వెడల్పు కొలవాలి.

పుస్తకంలో క్వెంచింగ్ అన్న మాట ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. ఏది సరి?

రెండూ సరే, అవి రెండు వేర్వేరు పనులు. ఒకటి, వేడి స్ఫటికాన్ని చప్పున చల్లార్చడం. రెండోది, వెలుగు ఆరిపోవడం, అంటే ఉత్తేజం పొందిన ఎలక్ట్రాన్ కాంతిని ఇవ్వకుండా వేరే దారిన శక్తి పోగొట్టుకోవడం. ఈ పేజీలో మొదటిదాన్ని చల్లార్చడం అనీ రెండోదాన్ని క్వెంచింగ్ అనీ అంటున్నాం. మీ రికార్డులో కూడా ఈ తేడా పాటించండి, వైవాలో చాలా ఇబ్బంది తప్పుతుంది.

చల్లార్చడం దేనికంటే: రంగెక్కిన పొటాషియం క్లోరైడ్ 300–400 డిగ్రీల ప్రాంతంలో మెల్లగా చల్లారితే ఎఫ్ సెంటర్లు గుంపుకట్టి లోహపు కొల్లాయిడ్లుగా (అతిసూక్ష్మ రేణువులుగా) మారతాయి. అందుకే ఆవిరి పద్ధతిలో రంగెక్కించిన పలకను కొలతకు ముందు 500 డిగ్రీలు దాటించి కొద్ది నిమిషాలుంచి, చీకట్లో రాగి దిమ్మ మీద పడేస్తారు. గనుల్లో దొరికే నీలి ఉప్పు రంగుకు కూడా సోడియం కొల్లాయిడ్లే కారణమని చెబుతారు.

ఊదా పలకను ఫ్లోరిమీటర్‌లో (నమూనా ఇచ్చే వెలుగును కొలిచే పరికరంలో) పెట్టాం. వెలుగే లేదు. స్ఫటికం చెడిపోయిందా?

స్ఫటికం బాగానే ఉంది. రెండు తప్పులు ఒకేసారి జరిగాయి.

మొదటిది డిటెక్టర్. పొటాషియం క్లోరైడ్ ఎఫ్ సెంటర్ చల్లటి ఉష్ణోగ్రతలో 2.3 ఎలక్ట్రాన్ వోల్టుల కాంతిని తీసుకుని 1.2 ఎలక్ట్రాన్ వోల్టుల కాంతిని ఇస్తుంది. అంటే 1000 నానోమీటర్లు దాటిన పరారుణం. మామూలు ఫ్లోరిమీటర్‌లోని ఫోటోమల్టిప్లయర్ 900 దగ్గరే చేతులెత్తేస్తుంది. జర్మేనియం గానీ ఇండియం గాలియం ఆర్సెనైడ్ గానీ డిటెక్టరుండాలి.

రెండోది ఉష్ణోగ్రత. పైస్థితిలోని ఎలక్ట్రాన్‌కు వాహక పట్టీ కేవలం 0.15–0.16 ఎలక్ట్రాన్ వోల్టుల దూరంలో ఉంటుంది. కాంతి ఇవ్వడానికి దానికి 0.6 మైక్రోసెకను పడుతుంది, ఈ లోపు వేడి దాన్ని ఎగరేసుకుపోతుందా అన్నదే ప్రశ్న. ఎగిరే ప్రయత్నాలు సెకనుకు 10¹² అనుకుని, అడ్డుగోడ 0.16 అని లెక్కేయండి. 77 కెల్విన్ దగ్గర సెకనుకు ఓ ముప్ఫై సార్లు, అసలు లెక్కలోకే రాదు. 140 కెల్విన్ దగ్గర 17 లక్షల సార్లు, కాంతి ఇచ్చే వేగంతో సమానం, కాబట్టి వెలుగు సగమవుతుంది. 300 కెల్విన్ దగ్గర రెండు వందల కోట్ల సార్లు, వెలుగులో మిగిలేది వెయ్యో వంతు. ద్రవ నైట్రోజన్ లేకుండా ఈ ప్రయోగం లేదు.

వెలుగు ఆరిపోతే అది ఉష్ణ క్వెంచింగేనని ఎలా తేల్చాలి?

ఒకే ఉష్ణోగ్రతలో తీసిన తీవ్రతను బట్టి ఏమీ చెప్పలేరు. 77 నుంచి 250 కెల్విన్ వరకు 10 కెల్విన్లకు ఒకసారి తీవ్రత తీయండి. మాట్–సైట్జ్ సూత్రం ప్రకారం, గరిష్ఠ తీవ్రతను ఆ ఉష్ణోగ్రతలోని తీవ్రతతో భాగించి ఒకటి తీసేసి, సహజ లాగరిథమ్‌ను ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీస్తే సరళరేఖ రావాలి. దాని వాలును (రుణ గుర్తు వదిలేసి) బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకంతో గుణిస్తే అడ్డుగోడ ఎత్తు వస్తుంది. రేఖ చల్లటి చివరలో వంగితే ఇంకో కారణం కలిసి ఉందన్నమాట.

వీలుంటే క్షీణత కాలం కూడా కొలవండి. తీవ్రతతో పాటు కాలం కూడా తగ్గితే పైస్థితి నుంచే ఎలక్ట్రాన్ జారుకుంటోంది. తీవ్రత తగ్గి కాలం మారకపోతే ఆ స్థితికి చేరకముందే నష్టం జరిగింది, లేదా వచ్చిన వెలుగును స్ఫటికంలోని ఇంకో పట్టీ మింగేసింది. ఈ రెండు కొలతలూ కలిసినంత గట్టి సాక్ష్యం వేరొకటి లేదు.

ఇంకో జాగ్రత్త. ఎగిరిన ఎలక్ట్రాన్ పక్కనున్న మరో ఎఫ్ సెంటర్‌లో దూరితే రెండు ఎలక్ట్రాన్ల ఎఫ్ ప్రైమ్ సెంటర్ తయారవుతుంది. పోయినది ఒకటి, మారినది ఒకటి. అనుకూలమైన ఉష్ణోగ్రతలో ఒక్క ఫోటాన్‌కు రెండు ఎఫ్ సెంటర్లు మాయమవుతాయి. ఉష్ణోగ్రత పెంచుతూ కొలిచేటప్పుడు ఎఫ్ పట్టీ కూడా తగ్గిపోతోందేమో మధ్యమధ్యలో సరిచూసుకోండి.

సోడియం అయోడైడ్ ఎఫ్ సెంటర్ 4 కెల్విన్‌లో కూడా దాదాపు వెలగదట. వేడి లేకుండా క్వెంచింగ్ ఎలా?

ఉత్తేజం పొందగానే చుట్టూ ఉన్న అయాన్లు కొత్త స్థానాలకు జరుగుతాయి. ఆ జరిగే దారిలోనే పైస్థితి శక్తి వక్రం, కింది స్థితి శక్తి వక్రం ఒకదాన్నొకటి ఖండిస్తే ఎలక్ట్రాన్ విశ్రాంతి స్థితికి చేరకముందే కిందికి దిగిపోతుంది. డెక్స్‌టర్, క్లిక్, రసెల్ 1955లో చెప్పిన నియమమిది. బార్ట్‌రమ్, స్టోన్‌హామ్ 1975లో దీన్ని ఎఫ్ సెంటర్లకు అన్వయించారు. చేతి లెక్క సులువు: శోషణ, ఉద్గార శక్తుల తేడాలో సగాన్ని శోషణ శక్తితో భాగించండి. పావు దాటితే వెలుగు మీద ఆశ తక్కువ. పొటాషియం క్లోరైడ్‌కు 1.1లో సగాన్ని 2.3తో భాగిస్తే 0.24. గీతకు ఇవతల, వెంట్రుకవాసిలో నిలబడింది. సోడియం బ్రోమైడ్, సోడియం అయోడైడ్ గీత దాటేశాయి.

రంగు ఎక్కువైతే వెలుగు పెరగాలి కదా, తగ్గిందేం?

ఘన సెంటీమీటరుకు 10¹⁷ సెంటర్లున్నప్పుడు పక్కపక్క సెంటర్ల మధ్య సగటు దూరం సుమారు 120 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే దాదాపు నలభై అయాన్ల వరస. చాలా దూరమే అనిపిస్తుంది. కానీ పైస్థితిలో ఎలక్ట్రాన్ మేఘం బాగా విస్తరిస్తుంది, అక్కడి నుంచి పక్క ఎఫ్ సెంటర్‌లోకి టన్నెలింగ్ చేసి (అడ్డుగోడ ఎక్కకుండానే దాన్ని దాటి) ఎఫ్ ప్రైమ్‌ను చేస్తుంది. వేడి అక్కర్లేదు, ద్రవ హీలియం ఉష్ణోగ్రతలోనూ ఇది ఆగదు. వెలుగు కొలతకు 10¹⁶ దగ్గరే ఆగండి. లేత గులాబీ–ఊదా ఛాయ చాలు, ముదురు ద్రాక్షపండు రంగు వద్దు.

ఒకే పద్ధతిలో చేసిన రెండు స్ఫటికాల్లో ఒకటి వెలిగింది, ఒకటి వెలగలేదు.

నీటిని అనుమానించండి. మా లెక్కలో ఈ రంగంలోని సగం తలనొప్పులకు మూలం హైడ్రాక్సైడ్ అయాన్. ఎఫ్ సెంటర్ పక్కన అది చేరితే ఎలక్ట్రాన్ శక్తిని తన కంపనంలోకి లాగేసుకుంటుంది, వెలుగు రాదు. నీళ్లలో కరిగించి ఆరబెట్టి పెంచిన స్ఫటికాల్లో ఇది పుష్కలం. పైగా వాటిలో చిక్కుకున్న నీటి బొట్ల వల్ల వేడిచేయగానే పగులుతాయి.

పరీక్ష సులువు. రంగెక్కించకముందే పలకను అతినీలలోహితంలో స్కాన్ చేయండి. 204 నానోమీటర్ల దగ్గర పట్టీ కనిపిస్తే హైడ్రాక్సైడ్ ఉన్నట్టే. ఆ స్ఫటికాన్ని వెలుగు ప్రయోగానికి వాడొద్దు. కొత్తగా పెంచేటప్పుడు పొడిని శూన్యంలో 200–300 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెట్టాక, కరిగిన ఉప్పు మీదుగా పొడి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పంపి, ప్లాటినం మూసలో ద్రవం నుంచి పెంచాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతపు ల్యాబ్‌లలో చీల్చిన పలక ముఖం ఏసీ లేని గదిలో తొందరగా మసకబారుతుంది. చీల్చిన వెంటనే సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో పెట్టండి. తెలుగు నేల మీద ఈ స్ఫటికాలు కొత్తేమీ కాదు, ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాల్లో ఆల్కలీ హాలైడ్ల మీద ఏళ్ల తరబడి పని జరిగింది. దగ్గర్లో ఉన్నవాళ్లు పెంపకం గురించి అక్కడ అడగడం మంచిది.

ద్రవ నైట్రోజన్ లేదు. గది ఉష్ణోగ్రతలో కంటితో చూడగలిగేది ఏదైనా ఉందా?

ఉంది, గామా పడిన లిథియం ఫ్లోరైడ్. చీకటి గదిలో 450 నానోమీటర్ల నీలి ఎల్‌ఈడీ వేసి, నారింజ ఫిల్టరు లోంచి చూడండి. ఎఫ్–2 సెంటర్లు (రెండు ఎఫ్ సెంటర్ల జతలు) 670 దగ్గర ఎరుపును ఇస్తాయి. ఎఫ్–3 ప్లస్ (ఒక ఎలక్ట్రాన్ తగ్గిన మూడు ఎఫ్ సెంటర్ల గుంపు) ఆకుపచ్చ 530–540 దగ్గర వస్తుంది, దాన్ని చూడాలంటే ఫిల్టరు 500 పైన తెరుచుకునేది కావాలి. ఇవి గదిలో ఏళ్లపాటు నిలుస్తాయి. నీలి లేజర్ కంటికి ప్రమాదం, ఎల్‌ఈడీతోనే చేయండి.

టీఎల్‌డీ (వేడిచేస్తే వచ్చే వెలుగుతో రేడియేషన్ మోతాదు చెప్పేది) రీడింగు వేడి వేగాన్ని బట్టి మారుతోంది. ఇదీ క్వెంచింగేనా?

కార్బన్ కలిపిన అల్యూమినియం ఆక్సైడ్ అయితే అవును. అందులో వెలిగేదీ ఎఫ్ సెంటరే, 420 నానోమీటర్ల దగ్గర, 35 మిల్లీసెకన్ల క్షీణత కాలంతో. వెలుగు శిఖరం 190 డిగ్రీల దగ్గర వస్తుంది, క్వెంచింగ్ అంతకంటే ముందే మొదలవుతుంది. వేగంగా వేడిచేస్తే శిఖరం ఇంకా పైకి జరిగి క్వెంచింగ్‌లో లోతుగా కూరుకుపోతుంది, వక్రం కింది వైశాల్యం తగ్గుతుంది. కాలిబ్రేషన్, రీడింగు ఒకే వేగంతో చేస్తే సమస్య ఉండదు.

మెగ్నీషియం, టైటానియం కలిపిన లిథియం ఫ్లోరైడ్‌లో అసలు తంటా చల్లార్చడంలో ఉంటుంది. 400 డిగ్రీల్లో ఒక గంట, 100 డిగ్రీల్లో రెండు గంటలు అన్నది వాడుకలో ఉన్న పద్ధతి. ఈ రెండిటి మధ్య చల్లారే వేగం మారితే మెగ్నీషియం గుంపులు మారి సున్నితత్వమే మారిపోతుంది. ప్రతిసారీ అదే ట్రే, అదే లోహపు దిమ్మ వాడండి.

ఆసుపత్రి సీఆర్ (కంప్యూటెడ్ రేడియోగ్రఫీ, ఫిల్ము లేని ఎక్స్‌రే) క్యాసెట్‌లో కూడా ఎఫ్ సెంటర్లేనా?

అవును. యూరోపియం కలిపిన బేరియం ఫ్లోరోబ్రోమైడ్ పొరలో ఎక్స్ కిరణాలు పడినచోట ఎలక్ట్రాన్లు ఎఫ్ సెంటర్లలో నిలిచిపోతాయి. రీడర్‌లోని ఎర్ర లేజర్ వాటిని విడిపిస్తుంది, యూరోపియం దగ్గర 390 నానోమీటర్ల నీలి వెలుగు వస్తుంది. మీ ఊదా పలకను టేబుల్ లైటు చెరిపేసినట్టే, ఈ ప్లేటునూ తెల్లటి కాంతి చెరిపేస్తుంది. సరిగా చెరపకపోతే పాత పేషెంటు బొమ్మ నీడలా కొత్తదాని మీద పడుతుంది. రోజంతా వాడకుండా పక్కన పెట్టిన క్యాసెట్‌ను మళ్లీ వాడేముందు ఒకసారి ఎరేజ్ సైకిల్‌లో పెట్టాలి, పరిసరాల్లోని సహజ రేడియేషన్ కూడా అందులో పోగవుతూనే ఉంటుంది.